ఆటోఫజీ, కణాల చావు, క్యాన్సర్: మా జిల్లావాళ్ళు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

నాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. నోటి క్యాన్సర్ కణాల మీద పరిశోధన చేస్తాను. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడల్లా అరుగు మీద, బస్సులో, పెళ్ళి భోజనాల దగ్గర జనం అడిగేవి దాదాపు ఈ ప్రశ్నలే. ఈ మధ్య ఫోన్‌లో వీడియోలు చూసి ఉపవాసం గురించి అడిగేవాళ్ళు బాగా ఎక్కువయ్యారు. వాళ్ళలో ఇంట్లో క్యాన్సర్ పేషెంటు ఉన్నవాళ్ళూ ఉన్నారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మందుల విషయంలో మాత్రం మీ డాక్టరు మాటే మాట.

ఇంతకీ మీరు చేసే పని ఏమిటి?

"ఏటమ్మా, అంత చదువూ చదివి కణాలు ఎలాగ సస్తాయో సూడ్డమేనా నీ పని?" అని మా పెద్దమ్మ అడిగింది. అవును, అదే. మందు వేసినప్పుడు క్యాన్సర్ కణం ఎందుకు చస్తుంది, పక్కనే ఉన్న ఇంకో కణం అదే మందు తిని కూడా ఎలా బతికి బయటపడుతుంది అన్నది నా పని. బతికినవి ఏ ఉపాయంతో బతికాయని వెతుకుతూ పోతే చాలాసార్లు ఆటోఫజీ దగ్గరికి చేరతాం.

ఆటోఫజీ అంటే ఏమిటి?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస ప్రాంతంలో తీరం దాటింది. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, కొట్లు తెరవలేదు. అప్పుడు మావాళ్ళు ఏం చేశారు? పడిపోయిన చెట్ల కొబ్బరిబొండాలు తాగారు. ఎండిన కమ్మలు పొయ్యిలో పెట్టారు. కూలిన ఇంట్లోంచే బాగున్న వాసాలు లాగి, వాటితోనే తాత్కాలికంగా పాక వేసుకున్నారు. బయటినుంచి ఏమీ రానప్పుడు ఉన్నదాన్నే విడదీసి వాడుకున్నారు.

తిండి అందనప్పుడు కణం కూడా సరిగ్గా ఇదే చేస్తుంది. లోపల పాతబడిన ప్రొటీన్ల చుట్టూ, చెడిపోయిన మైటోకాండ్రియా (కణానికి శక్తి తయారుచేసే భాగాలు) చుట్టూ రెండు పొరల సంచి ఒకటి అల్లుకుంటుంది. ఆ సంచి వెళ్ళి లైసోజోమ్‌తో కలుస్తుంది. లైసోజోమ్ అంటే కణం కడుపు అనుకోండి. లోపల ఆమ్లం ఉంటుంది, దాదాపు 60 రకాల ఎంజైములు ఉంటాయి. సంచిలో వచ్చినదంతా అక్కడ ముక్కలై, అమైనో ఆమ్లాలుగా, కొవ్వులుగా, చక్కెరలుగా తిరిగి కణానికి అందుతుంది. ఆకలి లేని రోజుల్లో కూడా ఇది కొద్దికొద్దిగా జరుగుతూనే ఉంటుంది, రోజూ ఇల్లు ఊడ్చుకున్నట్టు.

గ్రీకులో ఆటో అంటే తాను, ఫజీ అంటే తినడం. తెలుగులో స్వయంభక్షణ అనొచ్చు. కానీ ఆ మాటంటే కణం తనను పూర్తిగా తినేసి చచ్చిపోతుందేమో అనిపిస్తుంది, అది నిజం కాదు. అందుకని నేను ఆటోఫజీ అనే అంటాను.

దీన్ని ఎవరు కనిపెట్టారు?

ఆ పేరు పెట్టింది బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ ద దూవ్, 1963లో. లైసోజోమ్‌ను బయటపెట్టినదీ ఆయన బృందమే. 1974లో నోబెల్ అందుకున్నవాళ్ళలో ఆయన ఒకరు. పేరు పెట్టాక పాతికేళ్ళు ఈ విషయాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

1988లో టోక్యోలో యోషినోరి ఒహ్సుమీ సొంతంగా ఒక చిన్న ల్యాబు మొదలుపెట్టారు. అప్పటికి ఆయన వయసు 43. ఆయన పట్టుకున్నది ఈస్ట్‌ని, అంటే రొట్టె పిండిని పొంగించే సూక్ష్మజీవిని. అందులో అరిగించే ఎంజైములు లేని రకాన్ని తీసుకుని ఆకలితో ఉంచారు. సంచులు లోపలికి వస్తున్నాయి గానీ అరగడం లేదు. కొన్ని గంటల్లోనే అవి పోగుపడి మామూలు మైక్రోస్కోపు కింద గింజల్లా కదులుతూ కనిపించాయి. తర్వాత వేల ఈస్ట్ రకాలను జల్లెడ పట్టి, ఏ జన్యువు చెడితే ఈ పని ఆగిపోతుందో చూశారు. 1993లో అలాంటి 15 జన్యువుల లెక్క తేలింది. 2016 నోబెల్ బహుమతి ఆయన ఒక్కరికే ఇచ్చారు. ఖరీదైన పరికరాలు లేకుండా, మంచి ప్రశ్నతోనూ ఓపికతోనూ అయిన పని ఇది. మన జిల్లా కాలేజీల్లో బయాలజీ చదివే పిల్లలకి నేను ముందుగా చెప్పేది ఈ సంగతే.

కణాలు చావడం చెడ్డదే కదా?

కాదు. మన ఒంట్లో రోజూ వేల కోట్ల కణాలు చస్తాయి, అన్ని కొత్తవి పుడతాయి. వానాకాలం మడిలో తోకకప్పల్ని చూసే ఉంటారు. కప్ప అయ్యేసరికి ఆ తోక ఊడి పడిపోదు. తోకలోని కణాలు ఒక్కొక్కటే పద్ధతిగా చచ్చిపోయి తోక కరిగిపోతుంది. కడుపులో బిడ్డకి వేళ్ళ మధ్య మొదట పొర ఉంటుంది. ఆ కణాలు చస్తేనే వేళ్ళు విడతాయి.

ఇలా పద్ధతిగా చావడాన్ని అపోప్టోసిస్ అంటారు. 1972లో కెర్, విల్లీ, కరీ అనే ముగ్గురు ఈ పేరు పెట్టారు. గ్రీకులో దాని అర్థం చెట్టునుంచి ఆకు రాలడం. కణం ముడుచుకుని, చిన్న చిన్న మూటలుగా విడిపోతుంది. పక్క కణాలు ఆ మూటల్ని తినేస్తాయి. వాపు ఉండదు, నొప్పి ఉండదు. దెబ్బ తగిలినప్పుడో, రక్తం అందనప్పుడో జరిగే చావు వేరు. అప్పుడు కణం పగిలి లోపలిదంతా బయట పడుతుంది, చుట్టూ వాపు వస్తుంది. అది నెక్రోసిస్.

ఒక మిల్లీమీటరు పొడవుండే ఒక పురుగులో శాస్త్రవేత్తలు ప్రతి కణాన్నీ లెక్కపెట్టారు. పెరిగేటప్పుడు 1090 కణాలు పుడతాయి, వాటిలో సరిగ్గా 131 చస్తాయి. ప్రతి పురుగులోనూ అవే కణాలు, అదే సమయానికి. చావును నడిపే జన్యువులు ఉన్నాయని ఆ పురుగులోనే తేలింది. 2002 నోబెల్ ఆ పనికే.

మరి క్యాన్సర్ కణం ఎందుకు చావదు?

చావమని వచ్చే మాటను అది వినదు. డీఎన్ఏ బాగా దెబ్బతింటే "ఇక ఆగు, లేదా చచ్చిపో" అని చెప్పే పి53 అనే ప్రొటీన్ ఒకటుంది. మనుషుల క్యాన్సర్లలో దాదాపు సగంలో ఆ జన్యువే చెడి ఉంటుంది. కొన్ని రక్త క్యాన్సర్లలో దారి వేరు. అక్కడ బీసీఎల్-2 అనే ప్రొటీన్ అతిగా తయారై చావుకి అడ్డం పడుతుంది. ఆ అడ్డు తీసేసే మాత్రే వెనెటోక్లాక్స్. 2016లో అమెరికాలో ఒక రకం రక్త క్యాన్సర్‌కి అనుమతి వచ్చింది. కణం ఎలా చస్తుందన్న ప్రశ్న మందుల షాపులో మాత్రగా మారడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది.

ఆటోఫజీ క్యాన్సర్‌ని ఆపుతుందా, పెంచుతుందా?

రెండూ చేస్తుంది. అది ఏ దశలో అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే దయచేసి ఇది చదవండి.

మొదట్లో అది కాపలా. చెడిపోయిన భాగాల్ని ఎప్పటికప్పుడు తీసేస్తుంది కాబట్టి డీఎన్ఏకి దెబ్బ తగ్గుతుంది. 1999లో అమెరికా శాస్త్రవేత్త బెత్ లెవీన్ బృందం బెక్లిన్-1 అనే జన్యువు గురించి రాసింది. రొమ్ము క్యాన్సర్ కణాల్లో అది తగ్గి ఉందని, తిరిగి పెడితే ఆటోఫజీ పెరిగి కణాల పెరుగుదల తగ్గిందని చూపించింది. 2003లో ఆ జన్యువు రెండు కాపీల్లో ఒకటి తీసేసిన ఎలుకలకి గడ్డలు ఎక్కువగా వచ్చాయి. లెవీన్ 2020లో రొమ్ము క్యాన్సర్‌తోనే చనిపోయారు. ఆ సంగతి చదివిన రోజు నాకు ల్యాబులో పని సాగలేదు.

గడ్డ పెరిగాక కథ మారుతుంది. గడ్డ మధ్యలో రక్తనాళాలు సరిగా ఉండవు, తిండీ ఆక్సిజనూ అందవు. తుపానులో ఇరుక్కున్న ఊరే అది. అక్కడి కణాలు ఆటోఫజీ మీద బతుకుతాయి. కీమో వేసినప్పుడు, రేడియేషన్ ఇచ్చినప్పుడు కూడా అంతే, దెబ్బతిన్న భాగాల్ని అరిగించుకుని నిలదొక్కుకుంటాయి. 2006లో ఐలీన్ వైట్ బృందం, 2007లో రవి అమరావాది, క్రెయిగ్ థామ్సన్‌ల బృందం ఎలుకల్లో ఈ దిశగా గట్టి ఆధారాలు చూపించారు. క్లోమం క్యాన్సర్ కణాలైతే ఏ దెబ్బా తగలకపోయినా ఆటోఫజీని ఎప్పుడూ నడుపుతూనే ఉంటాయి.

నాకు అన్నిటికంటే ఎక్కువ చెప్పిన ప్రయోగం 2011లో జపాన్‌లో జరిగింది. ఎలుకల్లో అక్కడక్కడా కొన్ని కణాల్లో మాత్రం ఆటోఫజీ లేకుండా చేశారు. వాటి కాలేయంలో గడ్డలు వచ్చాయి. కానీ అవి మామూలు గడ్డలుగానే ఉండిపోయాయి, క్యాన్సర్‌గా ముదరలేదు. అంటే ఆటోఫజీ లేకపోవడం గడ్డ పుట్టడానికి దారి ఇచ్చింది. ముదరడానికి మాత్రం ఆ గడ్డకి ఆటోఫజీ కావాల్సి వచ్చింది.

ఆటోఫజీ వల్లే కణం చచ్చిపోతుందా?

చాలా అరుదు. చస్తున్న కణంలో ఆ సంచులు బోలెడు కనిపిస్తాయి కాబట్టి అవే చంపాయని ఒకప్పుడు అనుకునేవారు. ఎక్కువ సందర్భాల్లో అవి కణం బతకడానికి చేసిన ఆఖరి ప్రయత్నం. ఆటోఫజీని ఆపితే కణం ఇంకా త్వరగా చస్తుంది.

ల్యాబులో ఇదంతా ఎలా చూస్తారు?

క్యాన్సర్ కణాల్ని 37 డిగ్రీల దగ్గర, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉండే పెట్టెలో, గులాబీ రంగు ద్రవంలో పెంచుతాం. సంచి పొర మీద ఎల్‌సీ3 అనే ప్రొటీన్ అతుక్కుంటుంది. దానికి ఆకుపచ్చగా వెలిగే ప్రొటీన్ ఒకటి జోడిస్తాం. చీకటి గదిలో మైక్రోస్కోపు కింద పెడితే, తిండి ఉన్న కణం అంతా పలచని ఆకుపచ్చ పొగలా ఉంటుంది. తిండి తీసేసి రెండు గంటలాగి చూస్తే ఆ పొగ పోయి చుక్కలు కనిపిస్తాయి, పొలం గట్టున మిణుగురుల్లా. ఒక్కో చుక్కా ఒక్కో సంచి. వాటిని లెక్కపెడతాం.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది, నేనూ చేశాను. చుక్కలు పెరిగితే ఆటోఫజీ పెరిగిందని రాసేశాను. విజయనగరంలో కోట జంక్షన్ దగ్గర పొద్దున్నే చెత్త బండ్లు బారులు తీరాయనుకోండి. ఊళ్ళో చెత్త ఎక్కువైనా బండ్లు పోగవుతాయి, డంపింగ్ యార్డు గేటు మూసేసినా పోగవుతాయి. రోడ్డు మీద బండ్లు చూసి కారణం చెప్పలేం. కణంలోనూ అంతే. సంచులు ఎక్కువ తయారైనా చుక్కలు పెరుగుతాయి, లైసోజోమ్ పనిచేయకపోయినా పెరుగుతాయి. అందుకని బాఫిలోమైసిన్ అనే మందుతో గేటు మనమే మూసి, అప్పుడు ఎన్ని పోగయ్యాయో పోల్చి చూడాలి. మా గైడు ఆ ఒక్క ప్రశ్న అడిగి నా నాలుగు నెలల పనిని వెనక్కి పంపించారు. ఆవిడ చేసింది సరైన పని. ఆ ఫలితం అలాగే అచ్చయి ఉంటే దాన్ని నమ్మి ఇంకొకరు మందు వెతికేవారు.

చావును చూసే పద్ధతులు వేరే. చస్తున్న కణం లోపలి పొరలో ఉండాల్సిన ఒక కొవ్వును బయటికి తిప్పుతుంది. అనెక్సిన్ అనే ప్రొటీన్ దాన్ని పట్టుకుంటుంది, అలా చస్తున్నవాటిని గుర్తుపడతాం. బతికున్న కణాల కోసం పసుపు పచ్చటి రంగు ఒకటి వేస్తాం. వాటిలో అది ఊదా గింజలుగా మారుతుంది, చచ్చినవాటిలో పసుపుగానే ఉండిపోతుంది.

అయితే ఆటోఫజీని ఆపే మందు ఉందా?

ప్రస్తుతం మనుషుల్లో ఎక్కువగా పరీక్షించినది హైడ్రాక్సీక్లోరోక్విన్. కోవిడ్ రోజుల్లో అందరి నోటా నానిన మాత్రే. మలేరియాకి, కీళ్ళవాతానికి, లూపస్‌కి వాడతారు. అది లైసోజోమ్‌లోని ఆమ్లాన్ని తగ్గిస్తుంది, దాంతో అరగడం ఆగిపోతుంది.

ఫలితాలు మిశ్రమం. ముదిరిన క్లోమం క్యాన్సర్ ఉన్న 112 మంది మీద చేసిన పరీక్ష 2019లో అచ్చయింది. కీమో ఒక్కటే తీసుకున్నవాళ్ళలో 21 శాతం మందికి గడ్డ తగ్గింది. ఈ మాత్ర కూడా కలిపినవాళ్ళలో 38 శాతం మందికి తగ్గింది. కానీ ఏడాది తర్వాత బతికున్నవాళ్ళ సంఖ్య మాత్రం పెరగలేదు. గడ్డ తగ్గడమూ మనిషి ఎక్కువ కాలం బతకడమూ ఒకటి కావు, ఈ తేడా పేషెంటు ఇంట్లోవాళ్ళకి తెలిసి ఉండాలి. ఇంతకంటే గట్టిగా పనిచేసే మందుల కోసం, ఏ క్యాన్సర్‌లో ఏ మందుతో కలపాలన్నదాని కోసం పని నడుస్తోంది.

మెడికల్ షాపులో దొరుకుతుంది కదా అని సొంతంగా వేసుకోకండి. ఎక్కువ కాలం వాడితే కంటి రెటీనా దెబ్బతినే ప్రమాదం ఉంది. కిడ్నీ సరిగా పనిచేయనివాళ్ళలో ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఉద్దానం వైపు ప్రతి ఊళ్ళో కిడ్నీ పేషెంట్లు ఉన్నారు కాబట్టి ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఉపవాసం చేస్తే ఆటోఫజీ పెరిగి క్యాన్సర్ తగ్గుతుందట, నోబెల్ కూడా వచ్చిందట?

నోబెల్ వచ్చింది ఈస్ట్‌లో జన్యువులు కనిపెట్టినందుకు. ఉపవాసం క్యాన్సర్‌ని తగ్గిస్తుందని ఒహ్సుమీ నిరూపించలేదు. ఆకలి ఆటోఫజీని పెంచుతుందన్నది నిజమే. కానీ పైన చెప్పినట్టు, గడ్డ ఉన్న ఒంట్లో ఆటోఫజీ ఆ గడ్డకే అన్నం పెట్టొచ్చు. పైగా క్యాన్సర్ పేషెంటుకి కండ కరిగిపోవడం పెద్ద సమస్య. బరువు తగ్గితే కీమో డోసు తగ్గించాలి, లేదా వాయిదా వెయ్యాలి.

ఏకాదశి ఉపవాసం ఉంటున్న ఆరోగ్యవంతులతో నాకు పేచీ లేదు, మా అమ్మ కూడా ఉంటుంది. కానీ కీమో ఎక్కించుకుంటున్న మనిషిని వీడియో చూసి పస్తు పెట్టకండి. గుడ్డు, పప్పు, చేపలు, పెరుగు, ఏది తినగలిగితే అది పెట్టండి. నమలలేకపోతే గంజిలో గుడ్డు కలిపి ఇవ్వండి. నోటి క్యాన్సర్‌కి రేడియేషన్, మనవాళ్ళ మాటలో కరెంటు, పెట్టేటప్పుడు మింగడం చాలా కష్టమవుతుంది. ముక్కులోంచి గొట్టం వెయ్యాలని డాక్టరు అంటే భయపడి వద్దనకండి. ఆ గొట్టం వల్లే చాలామంది వైద్యం మధ్యలో ఆపకుండా పూర్తి చేయగలుగుతున్నారు.

ఫలానా ఆకు పసరు క్యాన్సర్ కణాల్ని చంపుతుందని పేపర్లో వచ్చింది. వాడొచ్చా?

గిన్నెలో పెరిగే కణాల్ని చంపడం తేలిక. ఉప్పు ఎక్కువ వేసినా చస్తాయి, వెనిగర్ వేసినా చస్తాయి. మంచి కణాల్ని వదిలి చెడ్డవాటినే చంపాలి, రక్తంలోకి సరిపడా చేరాలి, గడ్డ వరకూ వెళ్ళాలి. అక్కడే చాలా పదార్థాలు ఆగిపోతాయి. పసుపులోని కర్క్యుమిన్ మీద వేల పేపర్లున్నాయి, కానీ తిన్నదాంట్లో రక్తంలోకి చేరేది చాలా కొంచెం. మొక్కలనుంచి నిజమైన మందులు వచ్చాయి. బిళ్ళగన్నేరునుంచి విన్‌క్రిస్టిన్ వచ్చింది. అది డోసు లెక్కపెట్టి నరంలోకి ఎక్కించే మందు, బిళ్ళగన్నేరు ఆకు నమిలితే విషం. పసరు కోసమని రెండు నెలలు ఆగడం వల్ల జరిగే నష్టం పసరు వల్ల జరిగే నష్టం కంటే ఎక్కువ.

ఈ రంగంలో తెలుగువాళ్ళు ఉన్నారా?

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారితోనే మొదలుపెట్టాలి. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి చేసిన పనిలో ఆయన ఏటీపీని వేరుచేశారు. కణం పనులకి శక్తినిచ్చే అణువు అది. కణం తన దగ్గర ఎంత ఏటీపీ ఉందో చూసుకునే ఆటోఫజీ మొదలుపెట్టాలో వద్దో తేల్చుకుంటుంది. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుని 1947-48లో అమెరికా డాక్టరు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకి ఇచ్చారు. కొందరిలో జబ్బు తాత్కాలికంగా తగ్గింది. కీమో చరిత్రలో తొలి అడుగుల్లో అదొకటి. దాని తమ్ముడులాంటి మెథోట్రెక్సేట్ ఈ రోజుకీ వాడుతున్నారు.

మా అమ్మాయి బీఎస్సీ చదువుతోంది. ఈ దారిలోకి రావాలంటే?

ఎచ్చెర్లలో అంబేడ్కర్ యూనివర్సిటీలోనో, ఆంధ్రా యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ చేసి సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష రాయొచ్చు. జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్, వస్తే 2023 జనవరినుంచి నెలకి 37,000 రూపాయలు. హైదరాబాద్‌లో కణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, నవీ ముంబైలో టాటా వాళ్ళ పరిశోధన కేంద్రం, బెంగళూరులో జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ చూడమనండి. ఇంగ్లిష్ రాదన్న టెన్షన్ వద్దు, నేను పదో తరగతి వరకూ తెలుగు మీడియమే.

మన దగ్గర నోటి క్యాన్సర్ గురించే ఎందుకు అంతగా చెబుతారు?

అడ్డపొగ వల్ల. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొనను నోట్లో పెట్టుకుని కాల్చడం మన తీరప్రాంతంలో ఆడవాళ్ళలో ఎక్కువ. దీనివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని 1957లోనే విశాఖ వైద్యులు రాశారు. ఆ తర్వాత మన శ్రీకాకుళం జిల్లాలో పది వేల మందికి పైగా గ్రామస్తుల నోళ్ళు పరీక్షించి చేసిన అధ్యయనం 1971లో అచ్చయింది. ప్రపంచంలో నోటి క్యాన్సర్ గురించి చదివేవాళ్ళకి మన జిల్లా పేరు అలా తెలుసు.

మా అమ్మమ్మ కాల్చేది. పొయ్యిలోంచి నిప్పు తీసి వెలిగించుకుని, రెండు దమ్ములు లాగి, నాలుకతో చుట్టని చటుక్కున తిప్పేది. పెదాలు మూసుకుంటే నిప్పు లోపల, చల్లని కొన బయట. ఒడ్డున గాలికి ఆరిపోదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. అలాగే చేపలు ఎండబెట్టేది, మధ్యమధ్యలో బూడిద ఉమ్మేది. ఒక ఏడాది కూరలో కారం తగిలితే మంట అనడం మొదలుపెట్టింది. మా ఊరి ఆర్‌ఎంపీ వేడి చేసిందన్నాడు. ఆరు నెలలు బీ కాంప్లెక్స్ మాత్రలు మింగింది. ముక్క తీసి టెస్టుకి పంపేసరికి మెడ గ్రంథులకి పాకింది. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను.

మా అత్తకి అంగిలి మీద తెల్లగా మందంగా అయింది, నొప్పి లేదంటోంది. చూపించాలా?

చూపించాలి, ఈ వారంలోనే. తొలి దశలో నొప్పి ఉండదు, అందుకే అందరూ ఆలస్యం చేస్తారు. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు, మెడలో గడ్డ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, వీటిలో ఏది ఉన్నా వెళ్ళాలి. మచ్చలన్నీ క్యాన్సర్ కావు, చాలావాటికి చుట్ట మానేసి కనిపెట్టుకుని ఉంటే సరిపోతుంది. కానీ ఆ మాట చూసిన డాక్టరు చెప్పాలి.

ముందు శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ, విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ దంతవైద్య విభాగంలోనో, చెవి ముక్కు గొంతు విభాగంలోనో చూపించండి. క్యాన్సర్ అని తేలితే విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉంది, అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. రేషన్ కార్డు, ఆధార్ పట్టుకెళ్ళండి. ఆరోగ్యశ్రీ పేరు మారి ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, ఆ కౌంటరు దగ్గర అడగండి. ముక్క తీస్తే జబ్బు పాకుతుందని ఎవరో ఒకరు అంటారు. అది నిజం కాదు, ముక్క చూడకుండా వైద్యం మొదలవదు.

ఆవిడ ఒక్కరినీ పంపకండి, పక్కన ఒకరు వెళ్ళండి. చుట్ట ఎన్నేళ్ళుగా కాలుస్తోందో, నిప్పు లోపల పెట్టుకునే కాలుస్తోందో లేదో డాక్టరు అడిగితే సిగ్గుపడి తలూపేస్తుంది. ఆ మాట మీరు చెప్పండి.